వాద్యం లేని 40 సెకన్లు

కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనకోడలు గత నెలలో తమ కళాశాల వార్షికోత్సవంలో అమెరికన్ పాప్ గాయని విట్నీ హ్యూస్టన్ పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పాడింది. తోడుగా కరావోకే ట్రాక్ ఉంది గాని, ఆ పాట మొదట్లో వాద్యాలేవీ ఉండవు కనుక, శ్రుతి అందుకోవడానికి ఒక్క స్వరం వినిపించి ట్రాక్ కూడా ఆగిపోతుంది. హాల్లో కేకల మధ్య ఆ స్వరం తన చెవిన పడలేదు. తనకు తోచిన శ్రుతిలో ఎత్తుకున్నది. పల్లవి దగ్గర వాద్యాలు వచ్చి కలిసేసరికి తన గొంతు వాటికంటే అర స్వరం పైన ఉందని తెలిసి, అందరి ఎదుటా కిందికి దించుకోవలసి వచ్చింది. ఆ రాత్రి ఫోన్ చేసి, “అత్తా, పై స్థాయి కోసం నెల రోజులు సాధన చేశాను. అక్కడ తప్పలేదు. ఏమీ లేని చోట తప్పాను” అన్నది. ఈ పాట నాకు ప్రాణం. దాని గురించి ఆ రాత్రి తనకు చెప్పిన మాటలే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ పాటను విట్నీ సొంత పాటగానే చాలామంది ఎరుగుదురు. నిజానికి దీన్ని 1973లో రాసి, స్వరపరచి, పాడినది కంట్రీ (అమెరికా పల్లెపట్టుల జానపద బాణీ) సంగీత గాయని డాలీ పార్టన్. టెన్నెసీ కొండల్లోని పేద కుటుంబంలో పుట్టిన ఆమెను 1967లో పోర్టర్ వాగనర్ అనే గాయకుడు తన టెలివిజన్ కార్యక్రమంలోకి తీసుకున్నాడు. ఏళ్లు గడిచాక ఆమె తన దారి తాను చూసుకోవాలనుకున్నది, ఆయన వదలనన్నాడు. ఎంత వాదించినా ఫలితం లేకపోవడంతో ఇంటికి వెళ్లి ఈ పాట రాసి, మర్నాడు ఆయన ముందు కూర్చుని పాడానని, వింటూ ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడని ఆమె ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది. అంటే ఇది ప్రియుడికి రాసిన పాట కాదు, చెయ్యి పట్టుకుని పైకి తెచ్చిన మనిషి దగ్గర సెలవు తీసుకుంటూ రాసిన పాట. ఈ సంగతి తెలిశాక వింటే చివరి చరణం మరో రకంగా వినిపిస్తుంది. అందులో నిందా లేదు, బతిమాలటమూ లేదు. నీకు మంచి జరగాలి, కోరుకున్నవన్నీ నీకు దక్కాలి అన్న దీవెన మాత్రమే ఉంది. డాలీ తన 1974 నాటి రికార్డులో ఆ చరణాన్ని పాడలేదు, మామూలుగా మాట్లాడినట్టు పలికింది. పాడితే గొంతు దాచగలిగేదాన్ని మాట దాచలేదు. ఆ రికార్డు మూడు నిమిషాలైనా నిండదు. ఆ ఏడాది అమెరికా కంట్రీ జాబితాలో అది మొదటి స్థానానికి చేరింది. 1982లో ఒక సినిమా కోసం ఆమె మళ్లీ పాడితే మళ్లీ మొదటి స్థానానికే చేరింది.

రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ కూడా ఈ పాట పాడాలనుకున్నాడు. అయితే ఆయన మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్, పాట హక్కుల్లో సగం రాసిస్తేనే రికార్డింగ్ అని షరతు పెట్టాడు. డాలీ కుదరదన్నది. ఆ రాత్రంతా ఏడ్చానని, ఎల్విస్ గొంతులో తన పాట వినాలని తనకూ ఎంతో ఉండేదని తరువాత చెప్పుకున్నది. మన దేశంలో సినిమా పాట రాసినవారికీ స్వరకర్తకూ రాయల్టీలో వాటా ఉండాలని చట్టం స్పష్టంగా చెప్పడానికి 2012 సవరణ దాకా ఆగవలసి వచ్చిందని గుర్తు చేసుకుంటే, 1970లలో, అంత పెద్ద పేరు ఎదురుగా ఉన్నా తలొగ్గని ఆ ఒంటరి స్త్రీ పట్టుదల ఎంతటిదో అర్థమవుతుంది.

విట్నీ నాయికగా నటించి ఈ పాట పాడినది 1992లో వచ్చిన ‘ది బాడీగార్డ్’ చిత్రంలో. ఆ చిత్రానికి మొదట అనుకున్న పాట ఇది కానేకాదు. అనుకున్న పాత పాటను అంతకుముందే మరో చిత్రంలో వాడుకున్నారని తెలిసి, నాయకుడు కెవిన్ కాస్ట్నర్ దీన్ని సూచించాడు. ఆయన వినిపించినది గాయని లిండా రాన్‌స్టాట్ 1975లో చేసిన కవర్, అంటే ఒకరి పాటను మరొకరు తమ గొంతులో తిరిగి పాడిన రికార్డు. విట్నీ పాట రికార్డింగును నడిపించిన సంగీత నిర్మాత డేవిడ్ ఫాస్టర్ చెప్పినదాని ప్రకారం, ఆయన ఫోన్ చేసి సంగతి చెప్పగానే డాలీ, లిండా రికార్డులో చివరి చరణం లేదని హెచ్చరించి, దాని సాహిత్యాన్ని అందించింది. ఆ ఫోన్ లేకపోతే ఆ దీవెన లేని పాటనే ప్రపంచం విని ఉండేది. చిత్రంలోనే మరో కవర్ కూడా ఉంది: నాయికా నాయకులు ఒక చిన్న బారులో నాట్యం చేస్తున్నప్పుడు వినిపించే గొంతు జాన్ డో అనే గాయకుడిది.

ఇక మా అమ్మాయి తడబడిన ఆ చోటి గురించి. మొదటి చరణమంతా గొంతు ఒక్కటే ఉండాలని పట్టుబట్టినవాడు కాస్ట్నర్. ఇలా మొదలయ్యే పాటను రేడియోలు వేస్తాయా అని రికార్డు కంపెనీ వెనకాడింది. విట్నీ ఆ దాదాపు 40 సెకన్లనూ ఎలా నడిపిందో ఒక్కసారి చెవి పెట్టి వినండి. మొదటి రెండు చిన్న మాటలనీ పలికి, రెండోదాన్ని సన్నగా సాగదీసి, ఆగుతుంది. ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపిస్తుంది. తాళం లేదు, కానీ లయ ఉంది. శ్రుతిపెట్టె లేదు, కానీ ఆరు శ్రుతి (పాశ్చాత్యుల ‘ఎ’) ఆమె లోపల మోగుతూనే ఉంది. కచేరీలో కీర్తనకు ముందు చేసే ఆలాపన తెలిసిన మనవాళ్లకు ఇది కొత్త విషయం కాదనుకుంటాం గాని, ఆలాపనకైనా వెనక తంబురా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. వాద్యాలు వచ్చి కలిసినప్పుడు, ఆమె గొంతు అప్పటికే వాటి కోసం చోటు సిద్ధం చేసి ఉంచినట్టుంటుంది.

ఆ తరువాతిది అందరికీ తెలిసినదే. కర్క్ వేలమ్ శాక్సఫోన్ ముగిశాక, మూడు నిమిషాలు దాటిన చోట అంతా ఒక్క క్షణం నిశ్శబ్దమై, ఒకే ఒక్క డ్రమ్ దెబ్బ పడి, పాట ఆరు శ్రుతి నుంచి ఏడు శ్రుతికి లేస్తుంది. టెలివిజన్ పాటల పోటీల్లో ఈ పాట ఎత్తుకున్న పిల్లలు ఎక్కువగా ఆ లేచే చోటి కోసమే ఎత్తుకుంటారు. మా చిన్నతనంలో పౌరాణిక నాటకాల్లో పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తే అన్ని ‘వన్స్ మోర్’లు పడేవి, పద్యం ఏం చెప్పిందో ఇంటికి వెళ్లేసరికి గుర్తుండేది కాదు. ఈ పాట కవర్లలో నేను విన్నవాటిలో చాలావాటికి అదే జరిగింది. విట్నీ గమకాలను ఒక్కటీ వదలకుండా దించిన గొంతులు ఎన్నో ఉన్నాయి, సెలవు తీసుకుంటున్న గొంతులు మాత్రం తక్కువ.

విట్నీ రికార్డు అమెరికా బిల్‌బోర్డ్ పాటల జాబితాలో వరుసగా 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. పాత పాట కనుక ఆస్కార్‌కు అర్హత లేకపోయింది. అదే చిత్రంలోని మరో రెండు పాటలకు నామినేషన్లు వచ్చాయి. డాలీ విట్నీ రికార్డును తొలిసారి కారు నడుపుతూ రేడియోలో విన్నది. తన పాటేనని గుర్తుపట్టేసరికి గుండె ఆగినంత పనై కారు పక్కకు ఆపుకున్నానని చెప్పింది. ఆ రాయల్టీ డబ్బుతో నాష్‌విల్‌లో నల్లజాతివారు నివసించే ప్రాంతంలో విట్నీ పేరు తలచుకుంటూ ఒక కార్యాలయ సముదాయం కొన్నానని 2021లో వెల్లడించింది.

2012 ఫిబ్రవరి 11న విట్నీ మరణించింది. మర్నాటి రాత్రి గ్రామీ సంగీత పురస్కారాల వేదికపై గాయని జెనిఫర్ హడ్సన్ ఈ పాట పాడింది. గొంతు తెగిపోతుందేమోనన్నట్టు పట్టి పట్టి, తక్కువ వాద్యంతో, తక్కువ గమకంతో పాడింది. పై స్థాయిని వెంబడించలేదు. విట్నీ తరువాతి కవర్లలో నేను మళ్లీ మళ్లీ వినేది అదొక్కటే, ఎందుకంటే 1973లో డాలీ ఎందుకు రాసిందో ఆ పనికే ఆ రాత్రి పాట మళ్లీ ఉపయోగపడింది.

ఇదంతా విని మా అమ్మాయి, “అయితే నేను ఏది పాడాలి అత్తా?” అని అడిగింది. ముందు డాలీ రికార్డు పది రోజులు విను, పాడకు అన్నాను. నిన్న సాయంత్రం ఒక రికార్డింగ్ పంపింది. ఒక చెవిలో తంబురా యాప్ పెట్టుకుని, హాస్టల్ గదిలో తలుపు వేసుకుని పాడినట్టుంది. బయట ఎవరో బకెట్ లాగుతున్న చప్పుడు కూడా పడింది. డ్రమ్ దెబ్బ లేదు, ఏడు శ్రుతి లేదు. చివరి చరణాన్ని మాట్లాడినట్టే పలికింది. మొదట్లో రెండో మాట తరువాత ఆగి ఊపిరి తీసుకోవడం స్పష్టంగా వినిపించింది.