సాంబమసూరి వెనక ఉన్న చదువులు

షాపుకెళ్ళి బీపీటీ బియ్యం, అంటే సాంబమసూరి, ఇవ్వమని అడుగుతాం గానీ, అది బాపట్లలో తయారైన వంగడం అనీ 1986లో బయటికొచ్చిందనీ మనలో చాలామందికి తెలీదు. మా బాబాయి కూతురు అగ్రికల్చర్ బీయస్సీలో చేరేదాకా మా ఇంట్లో కూడా ఎవరూ పట్టించుకోలేదు. సస్టైనబుల్ డెవలప్‌మెంట్, అంటే నేలా నీళ్ళూ పాడవకుండా చేసుకునే అభివృద్ధి అని ఇప్పుడు ప్రతి కాలేజీలో వినపడుతోంది కదా, అందులో మన యూనివర్సిటీలూ పరిశోధన సంస్థలూ నిజంగా చేసిన పని ఏదీ అంటే నేనైతే ముందు ఈ వరి మళ్ళనే చూపిస్తాను.

సాంబమసూరి రుచిగా ఉంటుంది, సన్నగా ఉంటుంది, రేటు కూడా వస్తుంది, కానీ దానికి బాక్టీరియా ఎండాకు తెగులు వచ్చిందంటే ఆకు అంచుల నుంచి పసుపెక్కి కిందికి ఎండుకుంటూ పోతుంది, గట్టిగా పనిచేసే మందు లేదు, అయినా కళ్ళముందు చేను పోతుంటే రైతు ఊరుకోలేడు కాబట్టి ఏదో ఒకటి కొడతాడు. దీనికి హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ వాళ్ళూ రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్ళూ కలిసి తెగులు తట్టుకునే మూడు జన్యువుల్ని సాంబమసూరిలోకి తెచ్చారు. జీఎం (జన్యుమార్పిడి) పంట కాదు, రెండు రకాల మొక్కల్ని కలిపే మామూలు సంకరమే, కాకపోతే పుట్టిన మొక్కల్లో ఏ మొక్కకి ఆ జన్యువులు వచ్చాయో డీఎన్ఏ చూసి ఏరుకుంటారు. ఆ మూడింట్లో ఒకటి ఎక్కడో ఆఫ్రికాలో మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 2008లో ఆ విత్తనం విడుదలైంది. తెగులు తట్టుకునే విత్తనం దొరికితే మందు ఖర్చు మిగులుతుంది, ఆ మందు కాలవలో కలవదు, కొట్టేవాడి ఊపిరితిత్తుల్లోకీ పోదు.

మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ వరి కథా ఇలాంటిదే. ఒడిశా నాటు వరి ఒకదానిలో ముంపుని తట్టుకునే గుణం ఉంటే దాన్ని స్వర్ణలోకి తెచ్చారు, 2009లో వచ్చిన ఆ రకం రెండు వారాలదాకా నీళ్ళలో మునిగినా మళ్ళీ లేస్తుంది. రాజేంద్రనగర్ నుంచి 2015లో వచ్చిన తెలంగాణ సోనా అయితే 125 రోజుల పంట, సాంబమసూరికి 145-150 రోజులు పడుతుంది, అంటే ఓ మూడు వారాల నీళ్ళు మిగిలినట్టే, బోరు మీద బతికే రైతుకి అది చిన్న విషయం కాదు.

ఇవన్నీ ఒక్క ప్రాజెక్టుతో ఏడాదిలో వచ్చేవి కావు. సంకరం చేసిన రోజు నుంచి విత్తనం రైతు చేతికొచ్చేసరికి ఎనిమిది పదేళ్ళు పడుతుంది, మధ్యలో సైంటిస్టు రిటైరయ్యి ఆ పోస్టు ఖాళీగా ఉండిపోతే పని అక్కడే ఆగిపోతుంది. భూమి సంగతీ అంతే. 2024 జనవరిలో హైకోర్టు కొత్త భవనాలకి రాజేంద్రనగర్‌లో వ్యవసాయ యూనివర్సిటీ భూమి 100 ఎకరాలు కేటాయిస్తే విద్యార్థులు ధర్నాకి దిగారు, హైకోర్టుకి భవనాలు అక్కర్లేదని నేననను కానీ పరిశోధన భూమిని ఖాళీ జాగా కింద లెక్కేయడం మాత్రం నాకు మింగుడుపడదు, ఏళ్ళ తరబడి చూసుకుంటూ వచ్చిన మట్టిని ఇంకోచోటికి షిఫ్ట్ చేయలేరు కదా.

ఇక మా చెల్లి సంగతి. బీయస్సీ అగ్రికల్చర్ వాళ్ళకి ఫైనలియర్‌లో రావెప్ అని ఉంటుంది, పల్లెటూళ్ళో ఉండి ఒక రైతు వెంట పొలం పని చూడాలి. తనకిచ్చిన ఊరు కాలవ చివరి భూములు, నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలీని చోటు. అక్కడ తడిపి ఆరబెట్టే పద్ధతి చూపించడానికి అడుగు పొడవు పీవీసీ పైపు తీసుకుని, కింద సగానికి చిల్లులు పెట్టించి, ఆ సగం భూమిలోకి దిగేలా మడిలో పాతి లోపలి మట్టి తీసేసింది. పైపులో నీళ్ళు నేలమట్టం కంటే ఆరంగుళాలు కిందికి పోయినప్పుడే మళ్ళీ తడి పెట్టాలి, పూత టైములో మాత్రం ఆరబెట్టకూడదు. ఎప్పుడూ నీళ్ళు నిలవుంటే మట్టికి గాలి ఆడక భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది, మధ్యమధ్యలో ఆరితే అదీ తగ్గుతుంది, నీళ్ళూ మిగులుతాయి.

ఆ రైతు అంతా విని, “ఏమ్మా, మడి ఆరిపోతే గడ్డి లేచిద్ది కదా, ఆ కలుపు కూలీ ఎవరిస్తారు?” అన్నాడట. ఇదీ అసలు ప్రశ్న. తన దగ్గర జవాబు లేదు. వాళ్ళ సార్‌కి ఫోన్ చేస్తే, కలుపు ఎక్కువ ఉన్న చోట నాట్లయ్యాక మొదటి రెండు మూడు వారాలు నీళ్ళు నిలబెట్టి ఆ తర్వాతే ఆరబెట్టడం మొదలుపెట్టమన్నారు. “అలాగైతే ఒక్క మడిలో చూద్దాం బాబాయ్” అని తనే ఒప్పించింది. క్లాసులో కూర్చుని చదివితే ఈ కలుపు కూలీ లెక్క బుర్రకెక్కేదా?

మిగతా డిగ్రీల వాళ్ళకి ఉన్నదల్లా ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ పేపరు. పర్యావరణ కేసులు వేసే లాయరు ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టే పర్యావరణం సిలబస్‌లోకి వచ్చింది, అది మంచి పనే, దానికోసం కొట్లాడినవాళ్ళంటే నాకు చాలా గౌరవం. కానీ పరీక్ష ముందు రాత్రి గైడు చదివి పాసైపోయే పేపరుగా మిగిలిపోవడం చూస్తే బాధేస్తుంది. కేంద్ర ప్రభుత్వ పథకం ఉన్నత భారత్ అభియాన్ కింద 2014 నుంచి కాలేజీలు ఊళ్ళని దత్తత తీసుకుంటున్నాయి, దాన్నే రావెప్‌లాగా మార్కులిచ్చి, పిల్లలు ఊళ్ళోనే ఉండేలా అన్ని డిగ్రీలకీ పెట్టొచ్చు. ఎలక్ట్రికల్ పిల్లలు బోరు మోటార్లు ఎంత కరెంటు వృథా చేస్తున్నాయో కొలవనీ, సివిల్ వాళ్ళు చెరువు తూములూ కాలవలూ సర్వే చేసి మ్యాపు గీసి పంచాయతీకి ఇవ్వనీ, బీకాం వాళ్ళు రైతు ఉత్పత్తిదారుల కంపెనీల్లో కూర్చుని లెక్కలు రాయనీ. లెక్కలు సరిగ్గా లేక బ్యాంకు లోను రాని రైతు కంపెనీకి ఒక్క బీకాం కుర్రాడు మూడు నెలలు కూర్చున్నా ఎంత ఆసరానో.