టైరు కింద రాయి

మేనకోడలి పెళ్లికని కాజీపేటలో రైలు దిగినప్పుడు నా బుర్రలో కార్ల సంగతే లేదు. ముహూర్తం రాత్రికి. పొద్దున ఆరింటికే హనుమకొండలో విడిదింట్లో బాత్రూము ముందు పదిమంది నిలబడి ఉన్నారు. "నీ వంతొచ్చేసరికి తొమ్మిదయితది, అట్ల తిరిగిరా పో" అని మా వదిన చాయ్ ఇచ్చి బయటికి పంపేసింది. అలా మొదలైంది నడక.

హనుమకొండ పేరులోనే కొండ ఉంది. ఊళ్లో ఎటు చూసినా ఒక గుట్ట తగులుతుంది: పద్మాక్షి గుట్ట, అగ్గలయ్య గుట్ట, సిద్ధేశ్వర గుట్ట, కాజీపేట దాటితే మెట్టుగుట్ట. పెద్ద ఎత్తేం కాదు, ఎక్కడం అరగంట పని. కానీ గుట్టల కింది వీధులు ఒకవైపుకి వాలి ఉంటాయి. ఈ వాలు సంగతి గుర్తుంచుకోండి.

పద్మాక్షి గుట్ట మీది గుడికి జైనుల కాలం నుంచి చరిత్ర ఉంది. బతుకమ్మ పండుగకు ఊరంతా కింది కుంట దగ్గరే ఉంటుంది. అవన్నీ చూసి, ఫొటోలు తీసి, వెనక సందులోంచి వస్తుంటే మూలమీద తెల్ల అంబాసిడర్ ఒకటి కనబడింది. తెలుపు అనడం మర్యాద కోసం, నిజానికి దుమ్ము రంగు. గళ్ల గ్రిల్, నలుచదరపు సైడ్ లైట్లు చూసి మార్క్ 4 అనుకున్నాను. నంబరు ప్లేటు మీద మూడే ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు. అంటే 1989 జులై కంటే ముందు రిజిస్టరైన బండి. ఆ తర్వాతే ఈ ఊరి బండ్లకు ఏపీ 36 వచ్చింది, రాష్ట్రం వచ్చాక టీఎస్ 03, ఇప్పుడు టీజీ 03. ఆ సందులో నాలుగు రకాల ప్లేట్లూ ఉన్నాయి. మూడు స్కూటర్లు, ఒక కారు చూస్తే ముప్పై అయిదేళ్ల చరిత్ర చదివేయొచ్చు.

కారు ముందు టైరు కింద గుమ్మడికాయంత నల్లరాయి ఉంది. ఇంటి తలుపు వేసి ఉంది. నేను ముందుకు సాగాను.

రెండు సందుల అవతల కవరు కప్పిన కారు. కవరు కింద నుంచి కనబడ్డ బంపరు కొస చూసి ప్రీమియర్ పద్మిని అని గుర్తుపట్టాను. గుర్తుపట్టకపోతే సిగ్గుచేటు, మా చిన్నాన్నకు ఒకటి ఉండేది. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది గనక ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కునేవాళ్లం. 1974 నుంచి ఆ పేరు, అంతకుముందు అందరికీ ఫియట్. పేరు మారినా మా ఇంట్లో చివరిదాకా ఫియట్ అనే అన్నారు. దీని టైరు కింద రెండు ఇటుకలు.

అప్పుడు వెలిగింది. ఇక కార్లను వదిలి రాళ్లను వెతకడం మొదలుపెట్టాను. టైరు కింద రాయి ఉందంటే బండి పాతదన్నమాటే. నక్కలగుట్ట వైపు నడిచేలోపు ఇంకో అంబాసిడర్, ఎత్తు బానెట్ మహీంద్రా జీపు ఒకటి దొరికాయి. జీపు ఒక మేస్త్రీ షెడ్డు బయట ఉంది. లోపల వేపచెట్టంత వయసున్న చాసిస్ మీద కోళ్లు కూర్చున్నాయి. మధ్యలో ఒక మారుతి 800 కనబడితే పట్టించుకోకుండా దాటిపోయి, పది అడుగులు వేశాక ఆగాను. మొదటి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబర్ 14న. నలభై ఏళ్లు దాటాయి. దాన్ని పాతకారుగా లెక్కపెడితే నన్ను కూడా పెట్టాలి. అందుకే వదిలేశాను.

సాయంత్రం హంటర్ రోడ్డులో ఫంక్షన్ హాలుకి వెళ్తే గుమ్మంలో నిజంగానే 'వింటేజ్ కారు'. టాపు లేదు, పెద్ద గుండ్రటి దీపాలు, పక్కకు తగిలించిన స్టెప్నీ, బంతిపూల దండలు. పెళ్లికొడుకు ఊరేగింపుకట. ఆశగా దగ్గరికెళ్లి వేలితో కొట్టి చూస్తే ఫైబర్ శబ్దం. వంగి లోపల చూస్తే మారుతి వ్యాను స్టీరింగు. డ్రైవర్ కుర్రాడు నవ్వి, "ఫొటోలల్ల అసలుదే అనిపిస్తది అన్నా" అన్నాడు. నిజమే, ఫొటోల్లో బాగానే వచ్చింది. అయినా నాకు కోపమొచ్చింది, ఎవరిమీదో తెలియదు. అసలు కేంద్రం 2021లో తెచ్చిన రూల్స్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండినే వింటేజ్ అంటారు. 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు, కానీ రోజువారీ తిప్పకూడదు. ఆ లెక్కన నేను పొద్దున చూసిన అంబాసిడర్ ఇంకా కుర్రదే.

మర్నాడు రైలుకు టైముంది. కాళ్లు మళ్లీ పద్మాక్షి గుట్ట వైపే లాగాయి. ఈసారి తలుపు తీసి ఉంది. తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన తడిగుడ్డతో అద్దం తుడుస్తున్నాడు.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా? అమ్మేది గాదు."

"కొనేటందుకు గాదు కాకా, ఉత్తగనే. ఏ సంవత్సరం బండి?"

"ఎనభై నాలుగుల దీసుకున్న. ఇద్దరు బిడ్డల్ని దీంట్లనే అత్తగారింటికి తోలిన."

అంతే, బానెట్ లేచింది. కార్బొరేటర్ ఎన్నిసార్లు విప్పాడో, సామాను కోసం హైదరాబాద్ ఎన్నిసార్లు వెళ్లాడో చెప్పాడు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014లో కంపెనీ ఈ కారు తయారీ ఆపేసిన రోజు టీవీ కట్టేశాడట. ఆయన అసలు బాధ రిజిస్ట్రేషన్ రెన్యువల్. 2022 ఏప్రిల్‌లో ఆరు వందల ఫీజు అయిదు వేలయింది. "పాతదాన్ని ఇంట్ల ఉంచుకుంటే జుర్మానానా?" అన్నాడు. పాతబండి పొగ ఎక్కువ కదా అని నేను అనలేదు. మనసులో అనుకున్నాను.

"రాయి ఎందుకు కాకా, హ్యాండ్ బ్రేక్ లేదా?"

"హ్యాండ్ బ్రేక్ పోయి ఏడేండ్లాయె. వారానికోపారి తీస్తె బ్యాటరీ దిగిపోతది. ఈ జాగ వాలు గదా, రాయి దీస్తె బండి అదే దిగుతది. సెకండ్ గేర్ల ఏసి క్లచ్ ఇడిస్తే లేస్తది. గుట్టకింద ఇల్లు గట్టుకునుడు ఊకెనే గాదు."

శుక్రవారం. భద్రకాళి గుడికి బయల్దేరుతున్నాడు. స్టీరింగ్ ముందు కూర్చుని, తల బయటపెట్టి, "జర ఆ రాయి దియ్యి" అన్నాడు.

రెండు చేతులతో లాగాను. కారు ఒక్క క్షణం ఆలోచించి కదిలింది. చప్పుడు లేకుండా నాలుగిళ్లు దాటింది. మోరీ దగ్గర ఒక కుదుపు, దగ్గు, వెనక నీలం పొగ. ఇంజిను పట్టుకుంది. ఆగితే ఆరిపోతుందని ఆయన ఆగలేదు.

"తీస్కపోకు, ఆడనే పెట్టు!" అన్న కేక మాత్రం వినబడింది.

రాయిని గడప పక్కన, ముగ్గు తొక్కకుండా పెట్టి, స్టేషన్ ఆటో ఎక్కాను.