బైక్ ట్యాక్సీ, నడుం నొప్పి, ఆఖరి రెండు రైడ్లు

నాగోల్ మెట్రో కింద పొద్దున్నే బండ్లు పెట్టుకుని నిలబడే మన బైక్ ట్యాక్సీవాళ్ళని ఎవర్నన్నా కదిలించండి, ముందు పెట్రోల్ రేటు గురించి తిడ్తరు, తర్వాత నడుం నొప్పి గురించి చెప్తరు. బ్యాగులో నొప్పి స్ప్రేనో బామో ఉంటది. కొందరు షర్ట్ లోపల బెల్ట్ కట్టుకుంటరు, కస్టమర్‌కి కనిపించొద్దని.

రోడ్లు బాలేవు అందుకే అంటరు అందరు. అది సగం నిజం. కూర్చున్న మనిషికి సెకనుకి నాలుగు నుంచి ఆరు సార్లు పైకీ కిందికీ అదురు తగిలితే, అంటే 4-6 హెర్ట్జ్, అది వెన్నులో తగ్గకపోగా ఇంకా పెరుగుతది. గతుకుల్లో బండి ఇచ్చే అదురులో ఈ రకంది కూడా ఉంటది. పైగా మనకి ఆనుకోడానికి ఏం ఉండదు, వెనక కస్టమర్ లాప్‌టాప్ బ్యాగ్‌తో సహా మన మీదికే ఒరుగుతడు, బ్రేక్ వేసినప్పుడల్లా ఆ బరువు కూడా మన నడుమే ఆపాలె.

గాని అవే రోడ్ల మీద మా చిన్నాయన ఏండ్ల నుంచి వాటర్ క్యాన్లు వేస్తుండు, బరువులు ఎత్తేది ఆయనే, నాకంటే నిటారుగ నడుస్తడు. ఆయన ప్రతి గల్లీలో దిగుతడు. నేను దిగను. నాకైతే తేడా అక్కడే ఉందనిపిస్తది.

ఎందుకు దిగం అంటే, యాప్ ఇచ్చే ఇన్సెంటివ్ కోసం. ఇన్ని రైడ్లకి ఇంత అని స్లాబ్ ఉంటది కదా, రాత్రయ్యేసరికి ఇంకో రెండు రైడ్లు కొడితే స్లాబ్ పడ్తది, కొట్టకపోతే పొద్దున్నుంచి చేసినదానికి ఆ ఎక్స్‌ట్రా పైసల్ రావు, అప్పుడు ఎవడు దిగి కాళ్ళు చాపుకుంటడు చెప్పండి? నీళ్ళు కూడా తాగం, తాగితే బాత్రూమ్ ఎక్కడ వెతకాలె. హైటెక్ సిటీ నుంచి ఎల్బీ నగర్ లాంగ్ డ్రాప్ పడ్తది, నడుం వద్దంటది, క్యాన్సిల్ చేస్తే మంచి బుకింగులు రావని భయం. ఆ భయం నిజమో కాదో కూడా తెల్వదు, యాప్ చెప్పదు కదా. ఆ టెన్షన్‌కి భుజాలు బిగుసుకుంటయ్, హ్యాండిల్ గట్టిగ పట్టుకుంటం, ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే తెల్లారి అదే నొప్పి డబుల్ అనిపిస్తది. స్ట్రెస్, నిద్ర లేకపోవడం నడుం నొప్పిని మొండిగ మారుస్తయని ఇప్పుడు డాక్టర్లు కూడా ఒప్పుకుంటున్నరు.

క్లినిక్‌కి పోతే ఎక్స్‌రే తీసి కొన్నాళ్ళు బండి నడపకు అన్నరు. ఈఎంఐ ఎవరు కట్టాలె సార్ అని అడగలేదు, లైన్లో మస్తు మంది ఉన్నరు.

ఒకటైతే చెప్పాలె. మంచం మీద పడుకునే రెస్ట్ మామూలు నడుం నొప్పికి మంచిది కాదు, చేతనైనంత తిరుగుతుండాలె. 2023 డిసెంబర్‌లో డబ్ల్యూహెచ్‌వో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం దీర్ఘకాలం ఉండే నడుం నొప్పికి మామూలుగ బెల్టులు, ట్రాక్షన్ (బరువులతో నడుముని లాగే ట్రీట్‌మెంట్) వాడొద్దు, ఎక్సర్‌సైజులు పనిచేస్తయ్. మనవాళ్ళు దీనికి రివర్స్, బెల్ట్ కట్టుకుని, నొప్పి తగ్గేటందుకు డైక్లోఫెనాక్ సూది వేయించుకుని సాయంత్రం పీక్ అవర్స్‌కి మళ్ళ రోడ్డు మీద. ఆ సూదులు, గోలీలు ఊకె వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీలకి దెబ్బ, అసలే మనం నీళ్ళు తాగం.

బండి సంగతి కూడా చూస్కోండి. వెనక షాకర్ల కింద తిప్పే నాచ్‌లు ఉంటయ్, స్ప్లెండర్ లాంటి బండ్లకైతే ఐదు స్టెప్పులు, రోజంతా డబల్స్ తిరిగేవాళ్ళు కొంచెం టైట్ పెట్టించుకోవాలె, లేకపోతే పెద్ద గుంటలో షాకర్ అడుగు తగిలి ఆ దెబ్బ సీదా నడుముకే. షాకర్ల నుంచి ఆయిల్ కారుతుంటే మార్చుడే. సీటు ఫోమ్ కూరుకుపోతే కొత్తది వేయించుకోండి, గుడికి దండం పెట్టినట్టు ముందుకు వంగి నడపాల్సిన పని ఉండదు.

కాళ్ళల్లో బలం తగ్గుతున్నా, కూర్చునే భాగంలో స్పర్శ పోయినా, మూత్రం రాకపోయినా ఆపుకోలేకపోయినా స్లాబ్ గీబ్ అన్నీ పక్కకి పెట్టి ఆ క్షణమే పెద్దాసుపత్రికి పోండి, బండి మీద కాదు ఆటోలో.

మన తెలంగాణలో 2023 చివర్ల గిగ్ వర్కర్లకి, అంటే మనలాగ యాప్‌ల మీద పని చేసేటోళ్ళకి, 5 లక్షల యాక్సిడెంట్ బీమా ప్రకటించిన్రు, మంచిదే. కాని నడుం రోజింత రోజింత పోతే అది ఏ తారీఖున జరిగిన యాక్సిడెంట్ అని రాయాలె? కేంద్రం చేసిన 2020 సోషల్ సెక్యూరిటీ కోడ్ చట్టంలో యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1-2 శాతం మనలాంటోళ్ళ కోసం కట్టాలని ఉంది, ఆ పైసల్తో ఫిజియోథెరపీ వస్తే ఆనందమే. నాకైతే అంతకంటే చిన్న కోరిక, టార్గెట్ రోజుకి కాకుండ వారానికి పెట్టాలె, అప్పుడు ఈ రాత్రి నడుం పట్టేస్తే ఇంటికి పోయినా స్లాబ్ ఎక్కడికీ పోదు. ఇదే మా వాట్సాప్ గ్రూప్‌లో పెడితే కొందరు నవ్వే బొమ్మలు పెట్టిన్రు, మిగతావాళ్ళు చూడలేదు, బుకింగ్ మీద ఉన్నరంట.