ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం, లీటరు నీళ్ళలో

మొన్న రాత్రి పదకొండు దాటాక మా ఆడపడుచు ఫోన్ చేసింది, నరసరావుపేట నుంచి. "వదినా, చిన్నదానికి పొద్దుట్నుంచి మోషన్స్, ఏం పెట్టమంటావ్?" అని. పాపకి ఏడాదిన్నర. అప్పటికే ఇంట్లోవాళ్ళూ చుట్టుపక్కలవాళ్ళూ కలిసి ఆరేడు సలహాలిచ్చేశారట. పళ్ళు వస్తున్నాయి, అవే తగ్గుతాయని వాళ్ళత్తగారు, పాలు ఆపేయమని పక్కింటావిడ, సగ్గుబియ్యం జావ అని ఒకరు, గ్లూకోజ్ పొడి అని ఇంకొకరు, ముందు దిష్టి తీయమని మరొకరు. అందరూ పాప మీద ప్రేమతో చెప్పినవాళ్ళే, అందులో అనుమానం లేదు. కానీ పాప చివరిసారి ఉచ్చ ఎప్పుడు పోసింది అని ఒక్కరూ అడగలేదు.

నేను మొదట అదే అడిగాను. "ఇప్పుడే డైపర్ మార్చా వదినా, తడిగానే ఉంది" అంది. ఒంట్లో నీళ్ళు మరీ తగ్గిపోలేదని నాకు సగం భయం అక్కడే తగ్గింది. తర్వాత వరసగా అడుగుతూ పోయాను: ఏడిస్తే కన్నీళ్ళొస్తున్నాయా, కళ్ళు లోపలికి పోయినట్టున్నాయా, విరేచనంలో రక్తం గానీ జిగురు గానీ ఉందా, పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని వదిలితే వెంటనే సర్దుకుంటోందా, పిలిస్తే చూస్తోందా. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఇక ఫోన్లో మాట్లాడేదేం ఉండదు, ఆ అర్ధరాత్రే ఆసుపత్రికి బయల్దేరమని చెప్పేదాన్ని. అన్నీ బాగానే ఉన్నాయంది.

"మరి ఓఆర్ఎస్ ఇస్తున్నావా?"

"ఇస్తున్నా వదినా, తాగట్లేదు, ఉమ్మేస్తోంది."

"ఎలా కలిపావు?"

"ఒక గ్లాసు నీళ్ళలో సగం ప్యాకెట్."

వీడియో కాల్ చేయమని, ప్యాకెట్ వెనక వైపు లైటు కింద పెట్టి చదవమన్నాను. చదివింది. మొత్తం ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళలో కలపాలని అక్కడే ఉంది. సగం ప్యాకెట్ అంటే అర లీటరు నీళ్ళు కావాలి, తను కలిపింది ఒక గ్లాసులో. నోట్లో పెట్టుకుంటే ఎంత ఉప్పగా ఉంటుందో ఆలోచించండి, పిల్ల ఉమ్మేయక ఏం చేస్తుంది? రుచి సంగతి అలా ఉంచితే, అంత చిక్కగా తాగిస్తే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రమాదం కూడా. అలాగని నీళ్ళు మరీ ఎక్కువ పోస్తే చేయాల్సిన పని చేయదు. 200 మిల్లీలీటర్లకి సరిపోయే చిన్న ప్యాకెట్లూ షాపుల్లో ఉంటాయి, అందుకే అందరికీ ఒకే లెక్క చెప్పకుండా ప్యాకెట్ వెనక చదవమంటాను.

ఇది నాకు చదివి తెలిసింది కాదు. మా వాడికి రెండేళ్ళప్పుడు నేనూ ఇదే చేశాను, పాలసీసాలో ప్యాకెట్ మొత్తం వేసి ఊపి పట్టించాను. వాడు కక్కాడు, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తాను. అక్కడ డ్యూటీలో ఉన్న నర్సమ్మ అడిగిన మొదటి మాట, "ఎన్ని నీళ్ళలో కలిపావమ్మా?" అప్పటిదాకా నాకు ఓఆర్ఎస్ ఇవ్వమని చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ఎలా కలపాలో చెప్పినవాళ్ళు లేరు.

ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళే కదా అని తేలిగ్గా చూస్తాం దీన్ని. విరేచనాలప్పుడు కూడా పేగు గ్లూకోజుతో పాటు ఉప్పుని లోపలికి తీసుకుంటుంది, దాని వెంట నీళ్ళూ వెళ్తాయి, అందుకే ఆ పాళ్ళు అంత ముఖ్యం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి పడిపోయాయి. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. తాగించింది డాక్టర్లు కాదు, అమ్మలూ అన్నలూ అన్న సంగతి నాకు ఎప్పుడు గుర్తొచ్చినా ధైర్యంగా ఉంటుంది.

ఇంకో మాట, ఇది కోపంతోనే రాస్తున్నా. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని, టెట్రా ప్యాకుల్లో పండ్లరసం రుచితో అమ్మిన తీపి డ్రింకులు ఎంతమంది పిల్లలు తాగారో! చక్కెర అంతంత ఉంటే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు, చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశం ఇచ్చింది. మెడికల్ షాపులో అడిగేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్న పొడి ప్యాకెట్టే అడగండి.

పాలు ఆపొద్దని మా ఆడపడుచుకి గట్టిగా చెప్పాను. తల్లిపాలు ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు. తింటానంటే మెత్తటి పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు. సగ్గుబియ్యం జావ తప్పేం కాదు, కాకపోతే ఓఆర్ఎస్‌కి బదులు కాదు. పళ్ళు రావడం సంగతంటారా, ఆ వయసులో పిల్లలు కింద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, మోషన్స్ తెచ్చేది అది. పెద్దవాళ్ళు వేసుకునే మోషన్లు కట్టే మాత్ర మాత్రం ముక్క కూడా వేయొద్దన్నాను. మోషన్స్‌కి ఇచ్చే జింకు మాత్ర మాత్రం 14 రోజులు వేయాలి, ఆశా కార్యకర్తని అడిగితే ఇస్తారు. మూడోరోజుకి తగ్గిపోగానే అందరూ ఆపేసేది దీన్నే.

తర్వాత చెంచా సంగతి. గ్లాసు నోటికి పెడితే పిల్లలు గటగటా తాగి కక్కేస్తారు. ఒక టీస్పూను, ఒకటి రెండు నిమిషాలాగి ఇంకోటి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ, ఇంకాస్త నెమ్మదిగా. ఓపిక కావాలి, రాత్రంతా ఒక్కరి వల్ల కాదు, వాళ్ళాయన్ని లేపమన్నాను, లేపింది కూడా.

పొద్దున ఆరింటికి ఫోటో పెట్టింది. గట్టు మీద లీటరు బాటిల్, ముప్పావు వంతు ఖాళీ అయింది, పక్కన మూత పెట్టిన స్టీలు గిన్నె, అందులో చెంచా. బాటిల్ మీద మార్కర్‌తో "రాత్రి 12.10" అని రాసుంది. పాప నిద్రపోతోందట. ఈ రాత్రి దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలుపు, ఒక్కరోజే పనికొస్తుంది అని రిప్లై ఇచ్చాను.