మా పాప అంగన్‌వాడీకే పోతుంది

జూన్‌లో మా పాపను అంగన్‌వాడీలో వేసినప్పటి నుంచి కాలనీలో ఎవరు కలిసినా, అక్కడెందుకు వేశావని అదే ప్రశ్న. "గరీబోళ్ల పిల్లల నడుమ కూసోబెడ్తవా బిడ్డా" అని మా అత్తమ్మ కూడా బాధపడింది. ప్రైవేట్ ప్లేస్కూల్ కూడా చూశాం. ఫీజు సంగతి అటుంచితే, మూడున్నరేళ్ల పిల్లకు రోజూ హోంవర్క్ ఇస్తామని వాళ్లు గొప్పగా చెప్పడం నాకు నచ్చలేదు.

మాది మిర్యాలగూడ శివారు. రైస్ మిల్లుల్లో పనికి బీహార్ నుంచి వచ్చినవాళ్లు, తండాల నుంచి వచ్చి స్థిరపడ్డ లంబాడా కుటుంబాలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు, మాలాగా లోన్ తీసి ప్లాట్ కొనుక్కున్నవాళ్లు, అందరం ఒకే రోడ్డు మీద ఉంటాం గానీ ఒకరింటికి ఒకరం పోం. పిల్లలు మాత్రం పొద్దున ఒకే చాప మీద కూర్చుంటారు.

మొన్న కాస్త ముందే వెళ్లాను. ఆయమ్మ అన్నం పెడుతోంది. పాప పక్కన కూర్చున్న బాబుకు తెలుగు ఇంకా రాదు. వాడు "అండా" అంటాడు, ఇది "గుడ్డు" అంటుంది, ఇద్దరూ పోటీపడి అరుస్తూ పడీపడీ నవ్వుతున్నారు. గుడ్డు ఒలవడం రాక పాప చేతిలో పట్టుకుని చూస్తుంటే, వాడే తీసుకుని నేలకేసి తట్టి, పెంకంతా ఒలిచి ఇచ్చాడు. ఆ సాయంత్రం నన్ను "యాడీ" అని పిలిచింది. లంబాడీలో అమ్మ అని, ఇంకో దోస్త్ నేర్పిందట.

లోటేమీ లేదని అనను. ఒకటే గది, వానొస్తే తలుపు దగ్గరంతా నీళ్లే. టీచరమ్మ ఒక్కతే ఆట, పాట చెప్పించాలి, పిల్లల బరువు తూచాలి, ఫోన్‌లో ఎంట్రీలూ చేయాలి. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది 1975లో. అయినా 2009 విద్యాహక్కు చట్టంలో హక్కు ఆరేళ్ల నుంచే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అని మాత్రమే 11వ సెక్షన్‌లో ఉంది. అందుకే ఈ గది గురించి గట్టిగా అడగాలి. మిల్లు పనికి పోయే తల్లి ఒకరోజు కూలి పోగొట్టుకుని ఆఫీసు చుట్టూ ఎట్లా తిరుగుతుంది? నేను తిరగగలను, తలుపు గురించి అర్జీ ఇచ్చి వచ్చాను. మా కాలనీ నుంచి ఇంకో పదిమంది పిల్లలు అక్కడ ఉంటే ఆ అర్జీ మీద పది సంతకాలు ఎక్కువ ఉండేవి.

మీ ఇంట్లో మూడేళ్లు దాటిన పిల్లలుంటే, ఎక్కడ వేయాలో తేల్చుకునే ముందు ఒక్కసారి వచ్చి ఆ చాప మీద పావుగంట కూర్చోండి. అన్నం వేళకు రండి, గుడ్లు ఒలుస్తుంటారు.