పథ్యం రోజుల్లో వెన్నలో వేగిన చేప

నాకు కామెర్లని మొదట కనిపెట్టింది అమ్మే. వీడియో కాల్‌లో "కళ్ళేంటే అంత పచ్చగా ఉన్నాయి?" అంది. లైటు వల్ల అన్నాను. మర్నాడు రక్తపరీక్షలో బిలిరుబిన్ 9.4. హెపటైటిస్ ఏ అన్నారు డాక్టరు గారు. కలుషితమైన నీళ్ళు, తిండి వల్ల వస్తుందిట. వైరస్ ఒంట్లో చేరిన సుమారు నాలుగు వారాలకి బయటపడుతుందిట. నెల కిందట ఏం తిన్నావంటే ఎవరికి గుర్తుంటుంది? నా అనుమానం మాత్రం ఐసు వేయించుకుని తాగిన చెరకు రసం మీదే.

దీనికంటూ మందు లేదు, విశ్రాంతి తీసుకో, తినగలిగింది తిను అన్నారు. ఆ చివరి మాట అమ్మకి వినపడలేదు. తెనాలి తీసుకొచ్చి పథ్యం మొదలుపెట్టింది. పొద్దున నేల ఉసిరి రసం, మధ్యాహ్నం మెత్తటి అన్నంలో పల్చటి మజ్జిగ, రాత్రి మళ్ళీ అదే. నిజానికి పథ్యం లేకపోయినా నేను తినేదాన్ని కాదు. పక్కింట్లో తాలింపు చిటపటలాడితే చాలు, కడుపులో దేవేసేది.

అలాంటిదాన్ని మంచంలో పడుకుని వంటల గురించి రాసేవాళ్ళ జ్ఞాపకాలు చదువుతుంటే మా తమ్ముడికి నవ్వు. అవంటే నాకు ముందునుంచీ పిచ్చి. పైగా పుస్తకంలో తాలింపు ఎంత వేగినా ఘాటు రాదు. నాకు సహించే తిండి అదొక్కటే.

మధుర్ జాఫ్రీ పుట్టగానే వాళ్ళ నాయనమ్మ తేనెలో వేలు ముంచి ఆవిడ నాలుక మీద ఓం అని రాసిందట. అది చదివి, పాచి కట్టి చేదెక్కిన నా నాలుకని అంగిలికి తాకించి చూసుకున్నాను. రూత్ రైషల్ వాళ్ళమ్మకైతే పాడైన తిండికీ మంచిదానికీ తేడా తెలిసేది కాదు. అన్న నిశ్చితార్థం విందు తిని చుట్టాలు ఆసుపత్రి పాలయ్యారు. భోజనానికి వచ్చినవాళ్ళకి ఏమీ కాకుండా చిన్న రూత్ కాపలా కాసేదట. చెరకు రసం బండి దగ్గర నాకలాంటి పిల్ల లేకపోయింది.

ఎక్కువసార్లు చదివింది మాత్రం అమెరికా వాళ్ళకి ఫ్రెంచి వంట నేర్పిన జూలియా చైల్డ్‌ని. ఆవిడ 2004లో పోయాక, 2006లో వచ్చిన పుస్తకం. 1948 నవంబరు 3న ఫ్రాన్స్‌లో ఓడ దిగి, భర్తతో కారులో పారిస్ వెళ్తూ రువాన్‌లో భోజనానికి ఆగింది. అప్పటికి ఆవిడకి 36 ఏళ్ళు, వంటా అంతంతమాత్రం, ఫ్రెంచీ రాదు. సోల్ చేప తెచ్చిపెట్టారు. ఎర్రగా కాగిన వెన్న, పైన తరిగిన పార్స్లీ ఆకు, అంతే.

పదిహేడో రోజు మధ్యాహ్నం ఆ పేజీ మూడోసారి చదువుతుంటే నోట్లో నీళ్ళూరాయి. వాంతికి ముందు కూడా అలాగే ఊరతాయి కదా, గాభరాగా వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తాను. రెండు చేతులూ దాని అంచు మీద వేసి వంగి నిలబడ్డాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఏమీ రాలేదు. కడుపు మాత్రం కుయ్‌మంది.

ఆకలి!

"అమ్మా, చేప ఉందా?"

"కామెర్లకి చేపేంటే, మతి పోయిందా?" అంటూనే డాక్టరు గారికి ఫోన్ చేసింది. కొంచెం తిననివ్వండి అన్నారట. అయినా ఆ పూటకి బీరకాయ కూరే. నాలుగు జీలకర్ర గింజలతో, చెంచాడు నేతితో తాలింపు పెడుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి వాసన పీల్చాను. దేవలేదు. నిలబడే జూలియా చేప సంగతంతా చెప్పాను.

అమ్మ గరిటె ఆపి, "దానికి పసుపు కూడా రాయరా? నీచు వాసన రాదూ?" అంది.