ఆరో సబ్జెక్టు

పడుకుందామంటే నిద్ర పట్టలేదు. పాప స్కూలు ఫారం టేబుల్ మీదే ఉంది. తొమ్మిదో తరగతికి ఆరో సబ్జెక్టు ఏదో రేపటిలోగా రాసివ్వాలి. కర్ణాటక సంగీతం, గాత్రం అని పెన్సిల్‌తో రాసుకుంది. పక్కన సీబీఎస్‌ఈ కోడ్ 031 కూడా.

పొద్దున స్కూలు ఆఫీసులో మేడమ్ అది చూసి, "మార్కులకైతే కంప్యూటరే మేలమ్మా, పాటలు ఇంట్లో నేర్పించుకోండి" అంది. వెనక నిలబడిన ఆయనెవరో నవ్వాడు. ఆ నవ్వు ఇంకా పోలేదు నాకు. ఇంట్లో ఎవరు నేర్పిస్తారు? ఫీజు కట్టి, సాయంత్రాలు దింపి, మళ్లీ పోయి తీసుకొచ్చే తీరిక ఉన్నోళ్ల పిల్లలకేనా సంగీతం? అన్నమయ్య "కడపరాయా" అని నోరారా పిలిచిన దేవుని కడప మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. ఈ ఊళ్లో పాట నేర్చుకుంటానంటే నవ్వుతారా?

మా హైస్కూల్లో సంగీతం శుక్రవారం చివరి పీరియడ్. టీచరమ్మ శ్రుతిపెట్టె చంకన పెట్టుకొని వచ్చేది. దాని తిత్తి ఒకచోట చిరిగితే గుడ్డముక్క అతికించింది, లాగినప్పుడల్లా బుస్సుమనేది. అందరం నేలమీదే. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే స రి గ మ మొదటి పాఠాలు, తొడ మీద ఆదితాళం. ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మూడో కాలానికి, అంటే మూడో వేగానికి వచ్చేసరికి నా వేళ్లన్నీ కలిసిపోయేవి. గోడ పక్కన ఒకమ్మి కూర్చునేది, వాళ్ల నాయన మార్కెట్లో మూటలు మోసేవాడు. ఒకరోజు పై షడ్జం, అంటే పై "స" దగ్గర మేమంతా జారిపోయినాం, ఆ అమ్మి గొంతొక్కటే నిలబడింది. టీచరమ్మ పెట్టె ఆపి "మళ్లీ పాడమ్మా" అంది. ఆ అమ్మి సిగ్గుతో లంగా అంచు పిండుతూనే పాడింది. ఆ తర్వాత పరీక్షలొస్తున్నాయని మా లెక్కల సారు శుక్రవారాలన్నీ తీసేసుకున్నాడు. సంగీతం అంతటితో అయిపోయింది.

ఇంత రాశాక ఒక అనుమానం. మాకు మార్కులు లేవు కాబట్టే అంత ఇష్టంగా పాడామేమో. 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో మాయామాళవగౌళ 15వది అని, ఆరోహణ, అవరోహణ, రాగలక్షణం అన్నీ కంఠస్థం చేసి పరీక్ష రాయాలంటే పాప ఆ పాటనే అసహ్యించుకుంటుందేమో. ఫారం పక్కన పెట్టేద్దామనుకున్నాను కూడా.

కానీ మార్కులు లేవు కాబట్టే కదా సారు ఆ పీరియడ్ లాక్కోగలిగాడు! పరీక్ష ఉండుంటే ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఇందులో రాసేదానికంటే పాడి చూపించేదానికే మార్కులు ఎక్కువ, అది కొంత ధైర్యం.

పెన్సిల్ అక్షరాల మీద పెన్నుతో దిద్దాను. మా ఆయన సంతకం కావాలి. పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడే అడుగుతాను.